అంబాసిడర్ షెడ్డులోకి మస్టాంగ్: ఇరుకు గ్యారేజీలో వెడల్పు కారు పెట్టుకునే పద్ధతి

బరంపురం పాత వీధుల్లో ఇళ్ళు రైలు పెట్టెల్లా ఉంటాయి. ముఖం ఇరుకు, లోపలికి పొడవు, పక్కింటికీ మనకూ మధ్య ఒకే గోడ. నేతవారి వీధుల్లోనైతే వీధి గుమ్మం దగ్గర నిలబడి చూస్తే పెరటి తలుపు ఎక్కడో దూరాన వెలుతురు చుక్కలా కనిపిస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు ఇది. ఆ కాలపు ఇళ్ళు కట్టినవారి లెక్కలో బండి అంటే ఎడ్లబండి, మహా అయితే జట్కా.

మా తాతగారు వీధివైపు గదిని కారు షెడ్డుగా మార్చింది అంబాసిడర్ కోసం. ఆ కారు వెడల్పు 1662 మిల్లీమీటర్లు. ఇప్పుడు అదే షెడ్డులో నేను పెట్టుకుంటున్నది ఫోర్డ్ మస్టాంగ్. 2016లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన తరం అది. ఒంటి వెడల్పే 1916 మిల్లీమీటర్లు, అద్దాలు తెరిస్తే 2080. అంటే తాతగారి కారు కన్నా జానెడు పైగా ఎక్కువ. షెడ్డు వెడల్పు మాత్రం ఒక్క అంగుళం కూడా పెరగలేదు, గోడ ఒక్కటి కూడా పగలలేదు.

కొనే ముందు నేను అడిగిన ప్రతివారూ ఒకటే మాట చెప్పారు: గోడ కొట్టించు, లేదా ఊరి బయట చోటు అద్దెకు తీసుకో. రెండూ అక్కరలేకపోయాయి. ఇరుకు గ్యారేజీలో కారు పట్టకపోవడానికి గది మొత్తం చిన్నదవడం చాలా అరుదుగా కారణమవుతుంది. ఎక్కడో ఒక చోట మాత్రం ఇరుకు ఉంటుంది. ఆ చోటును కనుక్కుని, అక్కడ మాత్రమే పని చేయాలి. నేను వరసగా చేసిన పనులన్నీ కింద చెబుతున్నాను. మీ కారు వేరైనా, మీరు పర్లాకిమిడిలో ఉన్నా, జయపురంలో ఉన్నా, లెక్క ఇదే.

మొదట కారు కొలత

కంపెనీ కాగితంలో రాసే వెడల్పు చాలాసార్లు అద్దాలు లేకుండా చెప్పినది. మీకు మూడు అంకెలు కావాలి: ఒంటి వెడల్పు, అద్దాలు మడిచినప్పటి వెడల్పు, తెరిచినప్పటి వెడల్పు. పోల్చుకోవడానికి కొన్ని చెబుతాను, ఇవన్నీ అద్దాలు లేకుండా: పోర్షే 718 కేమన్ 1801, ఇప్పటి 911 కరేరా 1852, నిస్సాన్ జీటీఆర్ 1895, ఆడి ఆర్8 1940 మిల్లీమీటర్లు. మారుతి 800 కేవలం 1440.

వెడల్పు ఎక్కడ ఎక్కువో కూడా చూడండి. స్పోర్ట్స్ కార్లకు నడుము సన్నం, వెనక చక్రాల మీద తుంటి వెడల్పు. ముందు బంపరు సందులో దూరిందని నమ్మి పోనిస్తే వెనక ఒరుసుకుంటుంది. నేల నుంచి ఎంత ఎత్తులో ఆ ఉబ్బు ఉందో రాసుకోండి. గోడకు రబ్బరు అంటించేటప్పుడు ఆ ఎత్తు మళ్ళీ అవసరమవుతుంది.

తరువాత తలుపు. రెండు తలుపుల కారుకు తలుపు పొడవుగా ఉంటుంది. నిజమైన చిక్కు అక్కడే. గోడకూ కారుకూ మధ్య 450 మిల్లీమీటర్ల ఖాళీ ఉందనుకోండి. 1.05 మీటర్ల మామూలు తలుపు ఆ ఖాళీలో 25 డిగ్రీల వరకు తెరుచుకుంటుంది. 1.3 మీటర్ల తలుపు 20 డిగ్రీలకే గోడను తాకుతుంది. పైగా తలుపు మందం ఆరేడు అంగుళాలు. 450లో అది పోతే మనిషికి మిగిలేది పదకొండు అంగుళాలు. సన్నగా ఉన్నవారు పక్కకు తిరిగి దిగగలరు. మా ఇంట్లో పెద్దవారు దిగలేరు. ఈ లెక్క కొనకముందే వేసుకోవాలి.

గదిని టేపుతో కాదు, గడతో కొలవండి

టేపు ఒక చోట మాత్రమే నిజం చెబుతుంది. పాత గోడలు తిన్నగా ఉండవు. కింద వెడల్పుగా ఉండి నడుము ఎత్తులో లోపలికి పొంగినవి, ఒక మూల నుంచి ఇంకో మూలకు సన్నబడినవి నేను చూశాను. తూకపు గుండు వేలాడదీస్తే మా కుడి గోడ పైభాగాన ముప్పావు అంగుళం లోపలికి వాలి ఉందని తెలిసింది.

అందుకే ఒక తిన్నని వెదురు గడ తీసుకుని, కారు అద్దాలు తెరిచినప్పటి వెడల్పుకు కచ్చితంగా కోయించండి. రెండో గడ ఒంటి వెడల్పుకు కోయించండి. ఇద్దరు చెరో కొన పట్టుకుని వీధిలోంచి గది లోపలి గోడ దాకా నడవండి. ఒకసారి మోకాలి ఎత్తులో, ఒకసారి తలుపు ఉబ్బు ఎత్తులో, ఒకసారి అద్దం ఎత్తులో. గడ ఎక్కడ తాకితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. మా తమ్ముడి కొడుకుతో కలిసి ఈ పని చేశాను, అరగంట పట్టింది. ఆ అరగంట తరువాత మా షెడ్డు గురించి నాకు కొత్తగా తెలిసినవి ఇవి.

లోపల గోడ నుంచి గోడకు ఎనిమిదిన్నర అడుగులు, అంటే 2590 మిల్లీమీటర్లు. ఒక పక్క మధ్యలో ఒక పిల్లరు నాలుగంగుళాలు లోపలికి వచ్చింది. షట్టరు దగ్గర మాత్రం తెరిపి ఏడడుగుల ఏడంగుళాలే, 2310 మిల్లీమీటర్లు. రెండు పక్కలా షట్టరు జారే ఇనుప చానెళ్ళు, వాటి వెనక ఎప్పుడో బిగించిన చెక్కలు కలిసి అంత చోటు తినేశాయి. పొడవు పద్దెనిమిది అడుగులు. కారు 4784 మిల్లీమీటర్లు కనుక అటూ ఇటూ కలిపి డెబ్భై సెంటీమీటర్లు మిగులుతాయి. పొడవులో చిక్కు లేదు, పైకప్పులోనూ లేదు. ఇరుకంతా షట్టరు దగ్గరే ఉంది.

ఇక్కడ ఒక తీసివేత. గోడల మధ్య వెడల్పులోంచి కారు ఒంటి వెడల్పు తీసేయండి. 900 మిల్లీమీటర్ల పైన మిగిలితే మీకు ఈ వ్యాసం అంతగా అక్కరలేదు. జాతీయ భవన నియమావళి కారుకు చూపమనే చోటు 2.75 మీటర్ల వెడల్పు. అందులో మస్టాంగ్ పెట్టినా 834 మిగులుతుంది. 650 నుంచి 900 మధ్య అయితే జాగ్రత్తగా చేసుకుంటే రోజూ వాడుకోవచ్చు. నాది 674. 550కి తగ్గితే మనిషి దిగడమే కష్టం, అప్పుడు చివర చెప్పబోయే చక్రాల పలకల దారి చూడాలి. ఈ హద్దులు నేను అనుభవం మీద పెట్టుకున్నవి. మీ ఒళ్ళు, మీ తలుపు పొడవు చూసుకుని మార్చుకోండి.

ఏ గోడకు ఆనుకోవాలి?

చాలామంది కారును గదికి సరిగ్గా మధ్యలో పెట్టాలని చూస్తారు. మధ్యలో పెడితే మిగిలిన చోటు రెండు ముక్కలై ఏ పక్కా పనికిరాదు. నా 674ను సగం చేస్తే పక్కకు 337. ఆ సందులో ఎవరూ దిగలేరు. ఒక పక్కకు ఆనించి 125 మాత్రం వదిలితే అవతల 549 మిగులుతుంది. దిగడానికి అది చాలు.

స్టీరింగు కుడివైపున ఉన్న కారు కాబట్టి కారు ఎడమ తలుపు ఉన్న పక్క గోడకు దగ్గరగా ఉండాలి. ముక్కుతో లోపలికి వెళ్తే వీధిలోంచి చూసేవారికి డ్రైవరు తలుపు కుడి గోడవైపు ఉంటుంది. వెనకనుంచి పోనిస్తే అదే తలుపు ఎడమ గోడవైపుకు వస్తుంది. అంటే కారు దిశ మార్చడంతోనే మీరు దిగే పక్క మారిపోతుంది. ఇంట్లోకి వెళ్ళే తలుపు ఏ గోడకు ఉందో, పిల్లరు ఏ గోడకు ఉందో చూసుకుని దిశ తేల్చుకోండి. మా ఇంట్లోకి దారి వీధిలోంచి చూస్తే ఎడమవైపు. అందుకని నేను వెనకనుంచి పెడతాను. పిల్లరు కూడా అదే పక్క ఉంది. దాని దగ్గర ఖాళీ 447కు పడిపోతుంది. కాబట్టి తలుపు కొస పిల్లరుకు ఎదురుగా రాకుండా కారును ఎంత లోపల ఆపాలో ముందే కొలిచాను. తలుపు కొస పిల్లరు దాటి ఒక జానెడు ముందుకు పడేలా ఆపితే పని సుఖంగా జరుగుతుంది.

పక్కన కూర్చున్నవారు వీధిలోనే దిగాలి. దీన్ని ఇంటి నియమంగా పెట్టుకోండి.

వీధిలో ముగ్గు వేసి చూడండి

వెనకనుంచి పెట్టడానికి ఇంకో బలమైన కారణం ఉంది. తిరిగేవి ముందు చక్రాలు. ముక్కుతో దూరితే ఆ చక్రాలు ఇరుకులోకి ముందే వెళ్ళిపోతాయి. వెనక చక్రాలేమో ముందు చక్రాల దారిని తొక్కకుండా లోపలివైపుకు కోసుకుని వస్తాయి. నా కారులో ఆ తేడా రెండడుగులకు పైనే. షట్టరు అంచున వెనక తుంటి గీసుకునేది అందువల్లే. వెనకనుంచి పోనిస్తే తిరగని చక్రాలు ముందుగా గుమ్మంలో కుదురుకుంటాయి, తిరిగే చక్రాలు వీధిలో ఉండి సరిదిద్దడానికి వీలిస్తాయి.

దీనికి మూల్యం ముక్కు. వెనక్కి తిరిగేటప్పుడు ముక్కు మూల ఎదురింటివైపు విశాలంగా ఊగుతుంది. కంపెనీ చెప్పే తిరుగుడు వృత్తం చాలాసార్లు చక్రాలది మాత్రమే. బంపరు మూల గీసే వృత్తం దానికన్నా పెద్దది. నేను కాగితం మీద గీసి చూస్తే, ఒకే తిప్పులో లోపలికి వెళ్ళాలంటే ఎదురుగోడ దాకా దాదాపు పద్దెనిమిది అడుగులు కావాలని తేలింది. మా వీధి కాలువ పలకలతో కలిపి సరిగ్గా అంతే. అందుకని ఒక్క తిప్పు మీద ఆశ పెట్టుకోకుండా మూడు తిప్పుల్లో పెట్టడం నేర్చుకున్నాను.

కాగితం మీద నమ్మకం లేకపోతే నేల మీద చూడండి. పొద్దున్నే, వీధి ఖాళీగా ఉన్నప్పుడు, కారు పాదముద్రను ముగ్గుపిండితో నేల మీద గీయండి: నాలుగు మూలలు, నాలుగు చక్రాలు. ఆ కొలతకు ఒక అట్టముక్కల చట్రం కట్టుకుంటే ఇంకా మంచిది. ఇద్దరు దాన్ని పట్టుకుని తిప్పుతూ రావచ్చు. ఎదురింటి అరుగు, కరెంటు స్తంభం, ఎప్పుడూ అక్కడే నిలిపే స్కూటరు, ఇవన్నీ అప్పుడు లెక్కలోకి వస్తాయి. ఎదురింటివారికి ముందుగా చెప్పి చేయండి. వారి గోడ పక్కకు మీ బంపరు రోజూ వెళ్ళబోతోంది, వారి సమ్మతి లేకుండా ఈ కారు ఆ వీధిలో మనలేదు.

మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి వస్తుంది. ఆ రోజుల్లో వీధుల్లో జనం, అలంకరణలు. కారు లోపల ఉంటే లోపలే, బయట ఉంటే బయటే అనుకుని ముందే ఏర్పాటు చేసుకోండి.

షట్టరును బయటికి జరపండి

నేను ఖర్చుపెట్టిన పనుల్లో అన్నిటికన్నా ఫలితమిచ్చింది ఇది. షట్టరు గోడల మధ్యలో బిగించి ఉంటే రెండు చానెళ్ళూ తెరిపిలోంచే చోటు తీసుకుంటాయి. అదే షట్టరును గోడ బయటి ముఖానికి బిగిస్తే చానెళ్ళు గోడ మీదికి వెళ్ళిపోతాయి. చానెళ్ళనూ వెనక చెక్కలనూ తీసేశాక మాకు తెరిపి ఎనిమిదడుగుల ఒక అంగుళం, 2465 మిల్లీమీటర్లు అయింది. ఆరంగుళాలు కలిసొచ్చాయి. షట్టరు పని చేసేవారు ఒకరు, గోడ అంచులు సరిచేయడానికి మేస్త్రి ఒకరు చాలు. మేస్త్రిని ఇక్కడ రాజమిస్త్రి అంటారు.

మూడు జాగ్రత్తలు చెప్పాలి. పైన చుట్టుకునే డబ్బా బయటికి వస్తుంది కాబట్టి వాననీరు దానిలోకి దిగకుండా చిన్న చూరు వేయించండి. చానెళ్ళను ఇటుకల మధ్య సున్నపు సందుల్లో కాకుండా గట్టి ఇటుకలోకే బోల్టులు దిగేలా బిగించాలి. మూడోది మా ప్రాంతానికి ప్రత్యేకం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. గోపాలపురం మాకు పదిహేను కిలోమీటర్లు. వెడల్పైన షట్టరు గాలికి తెరచాపలా ఉబ్బి చానెల్‌లోంచి ఊడి వస్తుంది. లోతైన చానెల్ వేయించండి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు లోపలివైపు నిలువుగా పెట్టడానికి, తీసేయడానికి వీలైన ఇనుప గడ ఒకటి, దానికి నేలలో గుంట, పైన కొక్కెం ఏర్పాటు చేసుకోండి.

బయటికి తెరుచుకునే రెక్కల తలుపులు పెట్టకండి. ఇరుకు వీధిలో అవే అడ్డమవుతాయి.

కాలువ పలక, వాలు

వీధికీ గుమ్మానికీ మధ్య కాలువ ఉంటుంది, దాని మీద పలక, పలక నుంచి గదిలోకి ఎక్కు. అంబాసిడర్ ఎక్కేది. మస్టాంగ్ పొట్ట గీరుకుంటుంది.

లెక్క ఇలా ఉంటుంది. ముందు వెనక చక్రాల మధ్య దూరం 2720 మిల్లీమీటర్లు. పొట్ట కింద ఖాళీ 135 అనుకుందాం. అప్పుడు వాలు నేలతో 11 డిగ్రీల కన్నా కొంచెం పైన విరిగితే పొట్ట మధ్యలో తాకుతుంది. ఐదడుగులకు ఒకడుగు ఎక్కే వాలు సరిగ్గా ఆ హద్దు. ఎనిమిదడుగులకు ఒకడుగు అయితే 7 డిగ్రీలు, పదడుగులకు ఒకడుగు అయితే 5.7 డిగ్రీలు. పదికి ఒకటి మంచిది, ఎనిమిదికి ఒకటి దాటనివ్వకండి. వాలు మొదలయ్యే చోట, ముగిసే చోట పదునైన అంచు లేకుండా గుండ్రంగా తీయించండి. చాలా ఇళ్ళలో ఆ రెండు అంచులే ముక్కు కింది పెదవిని పగలగొడతాయి.

అన్నిటికన్నా తేలిక పరీక్ష: చక్రాల మధ్య దూరమంత పొడవున్న తిన్నని పలకకు రెండు కొనల కింద చక్రం బదులు ఇటుక ముక్కలు కట్టి, పలక అడుగు నేలకు 135 మిల్లీమీటర్ల ఎత్తున ఉండేలా చేసి వాలు మీద జరపండి. ఎక్కడ తాకితే అక్కడ సిమెంటు పని ఉంది.

మీ ఇంటి ముందు కాలువ మీది కాదు, ఊరిది. పలక మార్చాలంటే నగరపాలక సంస్థ అనుమతి తీసుకోండి. నీరు పోయే దారి ఒక్క వేలు కూడా తగ్గించకండి. కారు బరువు 1.7 టన్నుల పైమాట, పలక దానికి తగ్గ ఇనుముతో ఉండాలి. గది లోపలి నేల వీధి కన్నా ఎత్తున ఉండాలి. అక్టోబరు వానల్లో కాలువ పొంగితే లోపలికి నీళ్ళు రాకుండా ఆ ఎత్తే కాపాడుతుంది. కనుక వాలు తగ్గించాలని నేలను తవ్వించకండి, వాలును పొడవు చేయించండి.

లోపల కారుకు దారి వేయడం

రోజూ కళ్ళతో కొలిచి 125 మిల్లీమీటర్ల దగ్గర ఆపడం ఎవరి వల్లా కాదు. ఆ పని నేలకు అప్పగించాలి. ఎడమ టైర్లు తొక్కే గీత వెంబడి, టైరు బయటి అంచుకు ఒక అంగుళం ఆవల, రెండంగుళాల ఎత్తు చెక్కను పొడుగునా నేలకు బోల్టులతో బిగించాను. దాని లోపలి ముఖానికి మెత్తని రబ్బరు వేశాను. టైరు దాన్ని తాకితే స్టీరింగులో చిన్న అదురు తెలుస్తుంది, చక్రం అంచుకు మాత్రం గీత పడదు. స్పోర్ట్స్ కారు టైరు పక్కగోడ పొట్టిగా ఉంటుంది. నా వెనక టైర్లు 275/40 కొలతవి, అంటే పక్కగోడ ఎత్తు టైరు వెడల్పులో 40 శాతమే. అందుకని చెక్క రెండంగుళాలకు మించి ఎత్తు ఉండకూడదు, లేకపోతే లోహపు రిమ్మును తాకుతుంది. కాలికి తగలకుండా చెక్కకు పసుపు రంగు వేయండి.

వెనక చక్రం ఆగాల్సిన చోట ఒక అడ్డు చెక్క. ఇంకా కచ్చితంగా ఆపాలనుకుంటే పైకప్పు నుంచి దారానికి ఒక టెన్నిసు బంతి వేలాడదీయండి. బంతి ముందు అద్దం మీద మీరు గుర్తుపెట్టుకున్న చోట తాకగానే ఆపాలి. నేను మొదట బంతినే నమ్ముకున్నాను. ఫ్యాను గాలికి ఊగుతోందని తెలిశాక అడ్డు చెక్కకు మారాను.

గోడకు ఏం అంటించాలి? కొబ్బరి పీచు చాపలు చవక, కానీ ఈ ఊరి గాలిలో ఉప్పూ తేమా వాటిలో నిలిచిపోయి గోడ కుళ్ళుతుంది. ఈవీఏ నురగ పలకలు, పన్నెండు మిల్లీమీటర్ల మందంవి, తలుపు కొస తాకే చోట మాత్రం ఒక అడుగు ఎత్తు పట్టీగా అంటిస్తే చాలు. గోడ మొత్తానికి వేస్తే చోటు మీరే తగ్గించుకున్నట్టు. పిల్లరు అంచుకు మాత్రం పైనుంచి కిందిదాకా వేయండి. పక్కింటితో కలిసిన ఉమ్మడి గోడ అయితే మేకులు కొట్టకుండా జిగురుతో అంటించండి, వారికి ఒక మాట చెప్పి.

అరలు, నిచ్చెన, పాత పీపాలు, అన్నీ ఆ గదిలోంచి బయటికి వెళ్ళాలి. అరలు కావాలంటే వెనక గోడకు తలపై ఎత్తులో పెట్టుకోండి.

పోనివ్వడం

మొదటి వారం రోజూ పగటివేళ, సహాయానికి ఒకరిని పెట్టుకుని చేయండి. సహాయం చేసేవారు ఎప్పుడూ వీధిలో, ముక్కు పక్కగా, మీ కంటికి కనిపించే చోట నిలబడాలి. కారుకూ వెనక గోడకూ మధ్య ఎవరూ నిలబడకూడదు. ఈ విషయంలో మినహాయింపు లేదు. పిల్లలు ఇంట్లో ఉండాలి.

గుమ్మం దాటి ఒక కారు పొడవు ముందుకు వెళ్ళి, ఎదురుగోడవైపు ముక్కు ఊగడానికి చోటు వదిలి, వీధికి సమాంతరంగా ఆపండి. రివర్సులో పెట్టి, వెనక చక్రం గుమ్మం అంచుకు ఎదురుగా వచ్చేవరకు తిన్నగా వెనక్కి వచ్చి, ఆగి, అప్పుడు స్టీరింగు పూర్తిగా తిప్పండి. సుమారు సగం తిరిగాక ముక్కు ఎదురుగోడవైపు వస్తుంది. అక్కడ ఆపి, స్టీరింగు అవతలికి తిప్పి, నాలుగడుగులు ముందుకు వచ్చి, మళ్ళీ వెనక్కి. మూడో తిప్పుకు కారు గుమ్మానికి నిటారుగా రావాలి. నిటారుగా రాకుండా లోపలికి దూర్చకండి. గుమ్మంలో వంకరగా ఉన్న కారు వెడల్పు దాని కాగితం మీది వెడల్పు కన్నా చాలా ఎక్కువ. బయటికి తీసి మళ్ళీ మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు.

నిటారుగా వచ్చాక యాక్సిలరేటరు అక్కరలేదు. ఆటోమేటిక్ కారు బ్రేకు సడలిస్తేనే జరుగుతుంది. కళ్ళు ఎడమ అద్దంలో, చెక్క గీత మీద. కెమెరా వెనక ఏముందో చెబుతుంది కానీ పక్కన ఎంతుందో సరిగా చెప్పదు, దాన్ని ఆగడానికి మాత్రమే వాడండి.

నా లెక్కలో కారు ఎడమ పక్కనున్న గుమ్మం అంచుకూ ఒంటికీ మధ్య 63 మిల్లీమీటర్లు. తెరిచిన అద్దం ఒంటిని దాటి 82 వస్తుంది. కనుక ఎడమ అద్దం గుమ్మం చేరేలోపు మడవక తప్పదు. అప్పటికి కారులో సగానికి పైగా లోపలే ఉంటుంది, చక్రాలు చెక్క వెంట కుదురుకుని ఉంటాయి, అద్దం లేకపోయినా పరవాలేదు. మా వాడు వీధిలోంచి "పెదనాన్నా, మడుస్తున్నాను, ఆపండి" అంటాడు. నేను పూర్తిగా ఆపి, వాడు వెనక్కి తప్పుకున్నాక మళ్ళీ కదులుతాను. కదిలే కారు అద్దాన్ని చేత్తో ముట్టుకోనివ్వకండి.

దిగేటప్పుడు తలుపు అంచును చేత్తో పట్టుకునే తెరవండి.

ఇంతచేసినా పట్టకపోతే

మిగిలే చోటు 550 కన్నా తక్కువైతే చక్రాల పలకలు ఉన్నాయి. ఒక్కో టైరు కింద ఒక్కో చిన్న ఇనుప పలక, దానికి నాలుగు చక్రాలు. కారును గది మధ్యకు తెచ్చి, దిగి, జాకీతో లేపి నాలుగు టైర్లనూ వాటి మీద దించితే కారు మొత్తాన్ని చేత్తో పక్కకు తోయవచ్చు. ఒక్కో పలక 600 కిలోల పైన మోసేదై ఉండాలి, ముందు ఇంజను వైపు బరువు ఎక్కువ. నేల అద్దంలా నున్నగా, పూర్తిగా మట్టంగా ఉంటేనే ఈ పని చేయాలి. నీళ్ళ గొట్టంతో మట్టం చూడండి. ఏమాత్రం వాలు ఉన్నా కారు తనంతట తాను వీధిలోకి దొర్లిపోతుంది, హ్యాండ్ బ్రేకు అప్పుడు పనిచేయదు. రోజూ వాడే కారుకు ఇది సరిపడదు. నెలకు రెండుసార్లు బయటికి తీసే కారుకైతే బాగుంటుంది.

గోడ అంచు కొట్టి తెరిపి పెంచడం ఆఖరి మార్గం. పాత ఇటుక, సున్నం గోడలు ఇంటి బరువంతా మోస్తాయి, వాటిలో కనిపించని ఇనుము ఏమీ ఉండదు. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూసి గీసి ఇచ్చాకే సుత్తి ఎత్తాలి. తెరిపి మీద బరువు మోసే కొత్త దూలం (లింటెల్) రెండు పక్కలా కనీసం ఎనిమిదంగుళాలు గట్టి గోడ మీద కూర్చోవాలి. కాంక్రీటు దూలం ఆరు మీటర్ల లోపుదైతే ఆనుడు గడలు 14 రోజులు తీయవద్దని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మేస్త్రి వారానికే తీద్దామంటే ఒప్పుకోకండి. ఈ పని వేసవిలో పెట్టుకోండి. సెప్టెంబరు, అక్టోబరులలో గోడ తెరిచి పెట్టుకోవడం ఈ తీరంలో ప్రమాదం.

గాలి, పొగ

ఇరుకు గదిలో పెద్ద ఇంజను చల్లగా మొదలైనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ నిమిషాల్లో నిండుతుంది. దానికి వాసన ఉండదు. షట్టరు పూర్తిగా ఎత్తకుండా తాళం తిప్పకండి, లోపల ఇంజను వేడెక్కే దాకా నిలపకండి. వెనకనుంచి పెట్టిన కారు పొగ గొట్టం ఇంటివైపు ఉంటుంది కాబట్టి ఇంట్లోకి వెళ్ళే తలుపు మూసి, దాని అంచులకు రబ్బరు పట్టీ వేయించండి. వెనక గోడలో కింద ఒకటి, పైన ఒకటి జాలీ కిటికీలు ఉంటే పొగతో పాటు సముద్రపు తేమ కూడా పోతుంది. జాలీకి సన్నని ఇనుప వల వేయకపోతే ఎలుకలు వస్తాయి, వైర్లు కొరుకుతాయి. తడిసిన కారు మీద గుడ్డ ముసుగు కప్పకండి. ఉప్పు తేమ దాని కింద చేరితే రంగు పాడవుతుంది.

పొడి పౌడరుతో మంట ఆర్పే సిలిండరును గది లోపల కాకుండా ఇంట్లోకి వెళ్ళే తలుపు బయట గోడకు తగిలించండి. మంట కారు దగ్గర మొదలైతే ఇరుకులో లోపలికి వెళ్ళి దాన్ని అందుకోలేరు.

మా షెడ్డులో ఇప్పుడు తెల్లవారుజామున షట్టరు ఎత్తి, వీధిలో ఎవరూ లేరని చూసి, ఇంజను మొదలుపెట్టి నేరుగా ముందుకు వచ్చేస్తాను. ముక్కు వీధివైపు ఉంది కాబట్టి బయటికి వచ్చేటప్పుడు వీధి కళ్ళముందే ఉంటుంది. ఎడమ అద్దం మాత్రం గుమ్మం దాటాక, కారు ఆపి, తెరుస్తాను.